విమానం దిగిన తరువాత ఏ పని?



విమానం ఎక్కినవారందరికీ ఎయిర్ హోస్టెస్ తెలుసు. ఎక్కనివారికి సినిమాల్లో చూసి తెలుసు. కాని లోకంలో మొట్టమొదటి ఎయిర్ హోస్టెస్ ఒక నర్సు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆమె కొంతకాలం ప్రయాణికుల విమానంలో పనిచేశారు. తరువాత సైన్యంలో చేరి, గాయపడిన సైనికులను విమానాల్లో చూసుకున్నారు. యుద్ధం ముగిశాక తిరిగి ఆసుపత్రికే వచ్చారు. ఈ సంచికలో ఆమె గురించి, ఈ రోజుల్లో సైనిక విమానాల్లో అటెండెంట్లుగా పనిచేసి బయటికి వచ్చేవారి గురించి రాస్తున్నాను.

ఇదంతా అమెరికా సంగతి కదా, మనకెందుకు అని అనుకోవద్దు. మన సంఘ కుటుంబాల్లో కూడా సైన్యంలో, వైమానిక దళంలో ఉన్న పిల్లలు ఉన్నారు. వాళ్ళు ఒకరోజు పెట్టె సర్దుకొని ఇంటికి వస్తారు. వచ్చిన మర్నాటి నుండే చుట్టాలు, ఇరుగుపొరుగు అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడేం చేస్తావు బాబూ?" అడగడం తేలిక. జవాబు దొరకడానికి కొంతకాలం పడుతుంది. ఆ కాలంలో ఆ మనిషిని ఎలా చూసుకోవాలో తెలుసుకోవడం మనందరికీ అవసరం.

మొదటి ఎయిర్ హోస్టెస్

ఎలెన్ చర్చ్ 1904లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, క్రెస్కో అనే ఊరి దగ్గర పుట్టారు. 1926లో నర్సింగ్ చదువు పూర్తిచేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆసుపత్రిలో పనికి కుదిరారు. ఆమెకు విమానాలంటే చాలా ఇష్టం. విమానం నడపడం కూడా నేర్చుకున్నారు. 1930లో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీకి వెళ్ళి మేనేజరు స్టీవ్ స్టింప్సన్‌ను కలిశారు. ఆ రోజుల్లో స్త్రీని పైలటుగా తీసుకునే ఆలోచనే ఆ కంపెనీలకు లేదు. అప్పుడు ఆమె మరొక ఆలోచన చెప్పారు. విమానమంటే ప్రయాణికులకు భయం. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అలాంటి చోట నర్సులను పెడితే జనానికి ధైర్యం కలుగుతుంది కదా అన్నారు. స్టింప్సన్‌కు ఆ మాట నచ్చింది. ఎనిమిది మంది నర్సులను మూడు నెలలు పరీక్షగా పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకొంది.

1930 మే 15న ఎలెన్ చర్చ్ మొదటి ప్రయాణం చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఓక్లాండ్ నుండి షికాగో వరకు 14 మంది ప్రయాణికులతో, దారిలో 13 చోట్ల ఆగుతూ, 20 గంటల ప్రయాణం. ఆ నర్సులకు జీతం నెలకు 125 డాలర్లు. వయసు 25 దాటకూడదు, బరువు 52 కిలోలు దాటకూడదు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు మించకూడదు, పెళ్ళి కాకూడదు అని నియమాలు. భోజనం పెట్టడం, వాంతులైనవారిని చూసుకోవడం ఒక్కటే కాదు. సామాను మోయాలి. వదులైన సీట్ల బోల్టులు బిగించాలి. విమానాన్ని షెడ్డులోకి నెట్టేటప్పుడు చేయి వేయాలి. నైట్ డ్యూటీలో ఒంటరిగా వార్డు నడిపిన నర్సులకు ఇది వింతగా తోచదు. పేరు ఏదైనా, కంటి ముందున్న పని ఏదైతే అది చేయడమే.

పద్దెనిమిది నెలల తరువాత ఆమె కారు ప్రమాదంలో గాయపడి విమానం పని మానుకోవలసి వచ్చింది. అక్కడితో ఆగలేదు. మళ్ళీ విశ్వవిద్యాలయంలో చేరి నర్సింగ్ విద్యలో డిగ్రీ తీసుకున్నారు. 1936లో మిల్వాకీ కౌంటీ ఆసుపత్రిలో పిల్లల వార్డులకు సూపర్వైజర్ అయ్యారు.

యుద్ధ కాలంలో

రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో ఆమె 1942లో అమెరికా సైన్యపు నర్సింగ్ విభాగంలో చేరారు. నర్సులందరూ సైన్యానికి కావలసి రావడంతో, ఎయిర్ హోస్టెస్ నర్సే అయి ఉండాలన్న నియమాన్ని విమాన కంపెనీలు ఆ రోజుల్లోనే తీసివేశాయి.

గాయపడినవారిని విమానంలో తరలించడానికి ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ ఇచ్చారు. కెంటకీ రాష్ట్రంలోని బౌమన్ ఫీల్డ్‌లో మొదటి తరగతి 1943 ఫిబ్రవరి 18న శిక్షణ ముగించుకొంది. సాధారణంగా ఒక్కొక్క విమానంలో ఒక నర్సు, ఒక మెడికల్ టెక్నీషియన్ ఉండేవారు. డాక్టరు వెంట ఉండడం అరుదు. అదే విమానం వెళ్ళేటప్పుడు మందుగుండు, సైనిక సామాను తీసుకువెళ్ళేది. అందువల్ల దానిమీద రెడ్‌క్రాస్ గుర్తు వేయడానికి వీలుండేది కాదు. శత్రువు కాల్చవచ్చని తెలిసే వాళ్ళు ఎక్కేవారు. సుమారు 500 మంది నర్సులు ఈ సేవ చేశారు, వారిలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళు, వాళ్ళతోటి టెక్నీషియన్లు కలిసి 11 లక్షల 76 వేలకు పైగా రోగులను తరలిస్తే, దారిలో చనిపోయినవారు 46 మంది మాత్రమే. ఈ లెక్క చదివినప్పుడు నర్సుగా నాకు తల వంచి నమస్కరించాలనిపిస్తుంది.

ఎలెన్ చర్చ్ ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇంగ్లండు, ఫ్రాన్సులలో సేవచేసి, కెప్టెన్ హోదా, ఎయిర్ మెడల్ పొందారు. యుద్ధం తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ డిగ్రీ చదివారు. ఇండియానా రాష్ట్రంలో టెర్రె హోట్ పట్టణంలోని యూనియన్ ఆసుపత్రిలో నర్సింగ్ డైరెక్టరుగా, తరువాత ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరుగా పనిచేశారు. 1965లో గుర్రం మీది నుండి పడి మరణించారు. ఆమె పుట్టిన క్రెస్కోలోని విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు.

ఈ జీవితంలో ఒక విషయం గమనించండి. పని మారినప్పుడు ఆమె మళ్ళీ విద్యార్థి బల్ల మీద కూర్చోవడానికి సిగ్గుపడలేదు. కెప్టెన్ హోదా ఉంది, మెడల్ ఉంది. అయినా తనకంటే చిన్నవాళ్ళతో కలిసి చదువుకొన్నారు. ఈ రోజు సైనిక విమానం దిగి బయటి పనిలోకి రావాలనుకొనేవారికి కూడా దారి ఇదే.

ఈనాటి సైనిక ఫ్లైట్ అటెండెంట్లు

అమెరికా వైమానిక దళంలో ఫ్లైట్ అటెండెంట్ అనే ఉద్యోగం ఉంది. వాషింగ్టన్ దగ్గర ఆండ్రూస్ స్థావరం నుండి అధ్యక్షుడు, మంత్రులు, సైన్యాధికారులు ప్రయాణించే విమానాల్లో వీరు పనిచేస్తారు. చూసేవారికి ట్రే పట్టుకొని నవ్వుతూ నిలబడినట్టు కనిపిస్తుంది. వీరి మొదటి పని మాత్రం ప్రయాణికుల ప్రాణరక్షణ. మంటలు లేస్తే ఆర్పడం, విమానం నుండి నిమిషాల్లో అందరినీ దించడం, స్పృహ తప్పినవారికి ప్రథమ చికిత్స చేయడం నేర్చుకొంటారు. విమానం అడవిలోనో నీళ్ళలోనో దిగితే ప్రాణాలు ఎలా నిలుపుకోవాలో కూడా శిక్షణ ఉంటుంది.

తరువాతి పని వంట. చాలా ప్రయాణాలకు భోజనం ఏం పెట్టాలో వీరే నిర్ణయిస్తారు. బజారుకు వెళ్ళి సరుకులు కొని, విమానంలోని చిన్న వంటగదిలో వండి వడ్డిస్తారు. ఎవరికి ఏ పదార్థం పడదు, ఎవరికి షుగరుంది, ఏ దేశం నీళ్ళు తాగవచ్చు, ఇవన్నీ తెలుసుకొని ఉండాలి. మన డైటరీ విభాగంవారికి ఈ కష్టం చెప్పనక్కరలేదు.

నేర్పు వెంట వస్తుంది, కాగితం రాదు

ఇన్ని నేర్చిన మనిషి సర్వీసు ముగించుకొని ఎయిర్‌లైన్‌లో చేరాలంటే నేరుగా తలుపు తెరుచుకోదు. 2003లో వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో 20 సీట్లు, అంతకు మించిన ప్రయాణికుల విమానాల్లో పనిచేసే అటెండెంటుకు అక్కడి పౌర విమానయాన శాఖ సర్టిఫికెట్ ఉండాలి. అది ఎయిర్‌లైన్ కంపెనీలో శిక్షణ పూర్తిచేసినవారికే వస్తుంది. ఎన్నేళ్ళు సైనిక విమానంలో ఎగిరినా ఆ శిక్షణ మళ్ళీ కూర్చొని నేర్చుకోవలసిందే.

ఇంకొక కష్టం ఉంది. ఎయిర్‌లైన్లలో అంతా సీనియారిటీ జాబితా ప్రకారం నడుస్తుంది. ఏ రూటు, ఏ రోజు సెలవు, పండుగకు ఇంట్లో ఉండవచ్చా లేదా, అన్నీ ఆ జాబితాలో మీ స్థానాన్ని బట్టే. ఇరవై ఏళ్ళు సైన్యంలో చేసి, పదిమంది మీద అధికారం చేసిన మనిషి చేరిన రోజున జాబితాలో అడుగున ఉంటాడు. ఫోను మోగితే పరుగెత్తవలసిన రిజర్వు డ్యూటీ కొత్తవారికే. ఇది అవమానం కాదు. కాని ముందుగా తెలియకపోతే అవమానంగా తోస్తుంది.

అందుకే సర్వీసు విడవడానికి చాలా ముందే తయారు కావాలి. అమెరికాలో విడుదలకు ఒక సంవత్సరం ముందే ఈ తయారీ తరగతులు మొదలుపెట్టాలని నియమం ఉంది. స్కిల్‌బ్రిడ్జ్ అనే పథకంలో చివరి నెలల్లో సైన్యం జీతం తీసుకొంటూనే బయటి సంస్థలో పని నేర్చుకోవచ్చు. గరిష్ఠంగా 180 రోజులు. ఎన్ని రోజులు దొరుకుతాయన్నది హోదాను బట్టి, పై అధికారి అనుమతిని బట్టి ఉంటుంది. చదువుకోవాలంటే 1944లో మొదలైన జి.ఐ. బిల్లు సహాయం ఉంది. 2009 నుండి అమలైన కొత్త పద్ధతిలో 36 నెలల వరకు చదువు ఖర్చు దొరుకుతుంది.

ఏయే పనులకు పనికివస్తారు?

ఎయిర్‌లైన్ ఒక్కటే కాదు. పెద్ద కంపెనీల సొంత విమానాల్లో వంట, మర్యాద రెండూ తెలిసిన అటెండెంట్లు కావాలి. హోటళ్ళు, క్యాటరింగ్, విపత్తుల సమయంలో జనాన్ని తరలించే విభాగాలు, శిక్షణ సంస్థలు ఉన్నాయి. అధ్యక్షుని విమానం ఎయిర్ ఫోర్స్ వన్‌లో ప్రధాన స్టివార్డుగా చేసిన హోవీ ఫ్రాంక్లిన్ తరువాత నార్త్ కరోలినాలో ఒక చిన్న విమానాశ్రయానికి డైరెక్టరు అయ్యారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు కొంత ప్రాధాన్యం కూడా ఉంది.

ఆసుపత్రి కూడా వారికి తగిన చోటే. విమానంలో నేర్చిన క్రమశిక్షణ ఇక్కడ ప్రాణాలు కాపాడుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. 1935లో అమెరికా సైన్యం ఒక కొత్త బాంబరు విమానాన్ని పరీక్షిస్తుండగా, తోక భాగాన్ని కదలకుండా పట్టివుంచే తాళం తీయడం మరచిపోయి అది కూలిపోయింది. నడిపినవారు అనుభవజ్ఞులే. అప్పటి నుండి ఎగిరే ముందు ఒక్కొక్కటి చదివి సరిచూసుకొనే చెక్‌లిస్టు పైలట్లకు అలవాటయ్యింది. అలాంటి పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు ఇచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ల తరువాత మరణాలు వెయ్యికి 15 నుండి 8కి తగ్గాయి. రోగి పేరు, ఆపరేషన్ చేయవలసిన వైపు గట్టిగా చదివి అడిగినప్పుడు విసుక్కోకండి. అది విమానం నుండి వచ్చిన మంచి అలవాటు.

ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు సైన్యం మాటలు బయటివారికి అర్థం కావు. ఉద్యోగం కోడ్ నంబరు, యూనిట్ పేరు రాస్తే చదివేవారు పక్కన పెట్టేస్తారు. "ఇంతమంది ప్రయాణికులకు ఇన్ని రోజుల ప్రయాణంలో భోజనం ఏర్పాటుచేశాను, ఇంత డబ్బు లెక్క చూశాను, ఇంతమందికి శిక్షణ ఇచ్చాను" అని మామూలు మాటల్లో రాయాలి. సైన్యంలో "మేము చేశాము" అనడం అలవాటు. ఇంటర్వ్యూలో "నేను చేశాను" అనడానికి నోరు రాదు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకొని నాలుగైదుసార్లు చెప్పి చూసుకోవడం మంచిది.

శరీరాన్ని కూడా నేలమీదికి దించాలి

విమానంలో ఏళ్ళ తరబడి పనిచేసినవారి శరీరం కొన్ని గుర్తులు మోసుకొస్తుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఒకటి. బరువులెత్తి, ఇరుకు చోట్ల వంగి పనిచేయడంవల్ల నడుము, మోకాళ్ళ నొప్పులు ఉంటాయి. వేళ కాని వేళ నిద్ర, దేశానికొక టైము. వీటివల్ల సర్వీసు విడిచాక కూడా కొన్ని వారాలు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు. రోజూ ఒకే వేళకు లేవడం, ఉదయం ఎండలో కాసేపు నడవడం, మధ్యాహ్నం తరువాత కాఫీ టీ మానడం మేలు చేస్తాయి. నిద్రకోసం మద్యం అలవాటు చేసుకొంటే నిద్ర బాగుపడదు, చెడిపోతుంది.

విడుదలకు ముందు జరిగే వైద్య పరీక్షలో ఏ బాధా దాచకూడదు. "చిన్న నొప్పే కదా" అని ఊరుకొంటే అది రికార్డులో ఎక్కదు. తరువాత సర్వీసువల్ల వచ్చిన బాధే అని చూపించడం కష్టమవుతుంది.

మనసు సంగతి ఇంకా ముఖ్యం. నిన్నటివరకు ఎప్పుడు లేవాలి, ఏం వేసుకోవాలి, ఎవరితో తినాలి అన్నీ ఏర్పాటై ఉన్నాయి. ఒక్కరోజులో అవన్నీ పోతాయి. తోటివారు దూరమవుతారు. సర్వీసు విడిచిన మొదటి సంవత్సరంలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. అందుకే 2018లో అక్కడి ప్రభుత్వం ఆ మొదటి ఏడాదిలో మానసిక వైద్యం అందేలా ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. ఇది పిరికితనం కాదు. జ్వరంలాంటి అనారోగ్యమే, వైద్యం ఉంది.

మన ఇళ్ళలో

మన దేశంలో 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. అందులో చేరినవారు నాలుగేళ్ళు సేవచేస్తారు. నలుగురిలో ఒకరిని మించి కొనసాగించరని ఆ పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే "మాజీ" అయ్యే పిల్లలు మన వీధుల్లో ఉంటారు. వాళ్ళ కుటుంబాలకు నా మనవి ఇది:

1. వచ్చిన వెంటనే ఉద్యోగం గురించి అడగవద్దు. కనీసం కొన్ని వారాలు కడుపునిండా తిననివ్వండి, నిద్రపోనివ్వండి.

2. సేవానిధిగా ఒకేసారి పెద్ద మొత్తం చేతికి వస్తుంది. పెళ్ళి, ఇల్లు, బంధువుల అప్పులు అని దాన్ని ముందే పంచుకోవద్దు. అందులో కొంత వాళ్ళ చదువుకని విడిగా ఉంచండి.

3. సర్వీసు కాగితాలన్నీ, వైద్య రికార్డులతో సహా, నకళ్ళు తీసి భద్రపరచండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి, ఏ సహాయం ఉందో వారినే నేరుగా అడగండి. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వవద్దు.

4. సైన్యంలో వైద్య విభాగంలో పనిచేసి ఆసుపత్రిలో నర్సుగా చేరాలనుకొనేవారు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని తెలుసుకోవాలి. ఇంజక్షన్ చేయడం వచ్చు, కట్టు కట్టడం వచ్చు అన్నది చాలదు. గుర్తింపున్న కోర్సు చదవాలి. మళ్ళీ చదవమంటే మనసు చిన్నబుచ్చుకొంటారు. ఎలెన్ చర్చ్ కథ వాళ్ళకు చెప్పండి.

5. మాట తగ్గిపోవడం, గదిలోనే ఉండడం, మద్యం పెరగడం, "నేను లేకపోతేనే మేలు" అనడం, ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఆసుపత్రికి తీసుకురండి. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు.

విమానంలో ఏదైనా ఆపద వస్తే గాలి ముసుగు ముందు మీరు పెట్టుకొని, తరువాత పక్కవారికి పెట్టండి అని చెబుతారు. సైన్యంలో ఏళ్ళతరబడి పక్కవారికే పెట్టి వచ్చిన మనిషి ఇంటికి వచ్చినప్పుడు, తనది తాను పెట్టుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వవలసినది ఇంటివారే. మీ ఇంట్లో అలా వచ్చినవారెవరైనా ఉంటే, ఒంట్లో బాగులేకపోయినా, లేక ఏ కోర్సు చదవాలో తెలియకపోయినా, నర్సింగ్ ఆఫీసుకు వచ్చి అడగండి. కూర్చొని మాట్లాడుకొందాం.